పాత జాజ్ ఫ్యూజన్, సింథ్ సంగీతం ఎలా వెతికి వినాలి: అట్ట వెనక పేర్లే దారి

అమెరికన్ జాజ్ కీబోర్డ్ కళాకారుడు హెర్బీ హాంకాక్ ‘కమీలియన్’ని నేను మొదటిసారి విన్నది ఫోన్ స్పీకర్లో. ఒక స్నేహితుడు లింకు పంపితే వంటింట్లో టీ కాచుకుంటూ నొక్కాను. డ్రమ్స్ టిక్కుటిక్కుమంటున్నాయి, మధ్యలో సన్నగా ఏదో కీబోర్డ్. రెండు నిమిషాలు విని ఆపేశాను. ఏడాది తర్వాత అదే ట్రాక్‌ని హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు తెలిసింది, మొదటిసారి నా చెవిదాకా అసలు పాటే రాలేదని. ఆ ట్రాక్ మొత్తం ఒక బేస్ వరస మీద నిలబడి ఉంది. అంత కింది స్వరాలు ఫోన్ స్పీకర్ పలికించలేదు. పునాది కనపడకుండా ఇల్లు చూసి బాగాలేదన్నట్టు అయింది నా పని.

జాజ్‌ని రాక్, ఫంక్ దరువులతో, కరెంటు వాయిద్యాలతో కలిపిన సంగీతాన్ని జాజ్ ఫ్యూజన్ అంటారు. 1969 నుంచి 1980ల మొదటిదాకా వచ్చిన ఆ సంగీతం విషయంలో చాలామందికి ఇలాగే జరుగుతుంది. ఎక్కడో ఒక ముక్క వింటారు, అర్థం కాక వదిలేస్తారు. లేదా ‘తప్పక వినాల్సిన వంద ఆల్బమ్‌లు’ లాంటి జాబితా పట్టుకుని నాలుగోదానికే అలసిపోతారు. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నాను. జాజ్ గురించి మీకు ముందే ఏమీ తెలియక్కర్లేదు. సినిమా పాటలు శ్రద్ధగా వినే అలవాటు ఉంటే చాలు. కాస్త కర్ణాటక సంగీతం చెవిలో పడి ఉంటే ఇంకా మేలు.

ముందు వినే ఏర్పాటు చూసుకోండి

ఖరీదైన సామాను ఏమీ వద్దు. చెవిలో సరిగ్గా బిగుసుకునే మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ సరిపోతాయి. బిగుతుగా కూర్చోకపోతే బేస్ బయటికే పోతుంది కాబట్టి రబ్బరు మొనలు మీ చెవికి సరిపడేవి పెట్టుకోండి. మీరు వాడే యాప్‌లో ఒక పాట చివర ఇంకో పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే ఆపేయండి. షఫుల్ కూడా తీసేయండి. ఈ ఆల్బమ్‌లు ఎల్పీ, అంటే రెండు వైపులా మోగే పెద్ద నల్ల రికార్డుల రోజుల్లో తయారైనవి. ఒక్కో సైడు సుమారు ఇరవై నిమిషాలు, దాన్ని ఒకే ఊపులో వినాలనే కూర్చారు. కాబట్టి వినేటప్పుడు కూడా సైడు లెక్కనే వినండి. ఇరవై నిమిషాలు తీరిక లేని రోజున మొదలుపెట్టకండి.

ఇంకో సంగతి. యూట్యూబ్‌లో పాత రికార్డుల నుంచి ఎవరెవరో ఎక్కించినవి చాలా ఉంటాయి. కొన్ని వేగం మారి, శ్రుతి కాస్త పైకో కిందికో జరిగి ఉంటాయి. రేడియో కోసం కోసిన పొట్టి వెర్షన్లూ ఉంటాయి. ‘కమీలియన్’ అసలు నిడివి పదిహేనున్నర నిమిషాల పైచిలుకు. మీ ముందున్నది మూడు నిమిషాలే అయితే అది వేరే ముక్క అని అర్థం. ఆల్బమ్ పేరు, ఏడాది, నిడివి, ఈ మూడూ చూసుకుని మరీ నొక్కండి.

మొదటి వారం ఒక్క ఆల్బమే

ఫ్యూజన్ అనగానే అందరూ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1970 నాటి ‘బిచెస్ బ్రూ’ వినమంటారు. గొప్ప ఆల్బమే, అనుమానం లేదు. కానీ రెండు ఎల్పీలు, గంటన్నర నిడివి, పట్టుకోవడానికి పల్లవి లాంటిది ఎక్కడా దొరకదు. కొత్తవాళ్ళని అక్కడ దింపడం ఈత రానివాణ్ణి గోదావరి వరదలోకి తోయడమే. దాన్ని మూడు నెలల తర్వాతికి దాచుకోండి.

మొదట హెర్బీ హాంకాక్ ‘హెడ్ హంటర్స్’ తీసుకోండి. 1973లో వచ్చింది. నాలుగే ట్రాకులు. మొదటిదే ‘కమీలియన్’. ఒక్కోసారి ఒక్క వాయిద్యాన్నే పట్టుకుని దీన్ని మూడు సార్లు వినండి.

మొదటిసారి బేస్ మీదే చెవి పెట్టండి. మొదట్లో వినపడేది బేస్ గిటార్ కాదు. హాంకాక్ ఏఆర్‌పీ ఒడిస్సీ అనే సింథసైజర్ (కరెంటుతోనే స్వరాలు పుట్టించే కీబోర్డ్, పొట్టిగా సింథ్) మీద వాయించిన వరస అది. కాస్త జిగటగా, నోరు తెరిచి మూస్తున్నట్టు ఉంటుంది. అదే వరస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే దాని మీదికి ఒక్కొక్కరే వచ్చి చేరతారు. హార్వీ మేసన్ డ్రమ్స్‌తో వస్తాడు. పాల్ జాక్సన్ అసలు బేస్ గిటార్ పైస్థాయిలో చిన్న చిన్న మాటలు అంటుంటుంది. గిటార్ అనిపించే గిలకొట్టుడు చప్పుడు ఒకటి వినిపిస్తుంది, అది గిటార్ కాదు, క్లావినెట్ అనే కీబోర్డ్. ఈ ఆల్బమ్‌లో గిటారిస్టే లేడు.

రెండోసారి డ్రమ్స్ వినండి. మూడోసారి సగం దాటాక ఏం జరుగుతుందో గమనించండి. అప్పటిదాకా తిరిగిన వరస పక్కకు తప్పుకుని, నేల మారిపోయి, ఎలక్ట్రిక్ పియానో సోలో మొదలవుతుంది. చాలాసేపటికి పాత వరస తిరిగి వచ్చినప్పుడు ఇంటికి చేరినట్టు ఉంటుంది. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే మన అలవాటుకి ఇది మరీ దూరమేం కాదు. చరణం నిమిషాల తరబడి సాగింది, అంతే తేడా.

రెండో ట్రాక్ ‘వాటర్‌మెలన్ మ్యాన్’ మొదట్లో ఎవరో గొంతుతో, పిల్లనగ్రోవితో ఆడుకుంటున్నట్టు వినిపిస్తుంది. అది బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదుతున్న చప్పుడు. మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండే పిగ్మీలు ఒక్క స్వరం పలికే ఊదుగొట్టాన్నీ గొంతునీ మార్చి మార్చి పాడే పద్ధతి ఒకటుంది. దాన్ని అనుకరించాడు. ఇదే పాటని హాంకాక్ 1962లో మామూలు పియానోతో, ట్రంపెట్‌తో చేశాడు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. జాజ్ ఫ్యూజన్ అంటే ఏం మారిందో ఏ వ్యాసమూ ఇంత బాగా చెప్పదు.

కీబోర్డ్‌ల గొంతులు గుర్తుపట్టడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. గొంతు వినగానే ఇది ఘంటసాల, ఇది పి.బి. శ్రీనివాస్ అని చెప్పేస్తారు కదా. ఆనాటి కీబోర్డ్‌లను కూడా అలాగే గుర్తుపట్టవచ్చు. ఆ పట్టు దొరికిన రోజు నుంచి ఈ సంగీతం మీకు గందరగోళంగా ఉండదు.

మొదటిది ఫెండర్ రోడ్స్. ఎలక్ట్రిక్ పియానో అంటే ఎక్కువగా ఇదే. మీట నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక సన్నటి ఉక్కు పుల్లని కొడుతుంది. శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్క్ లాగే అది మోగుతుంది. పక్కనున్న అయస్కాంతపు పికప్ ఆ కదలికను విద్యుత్తుగా మార్చి స్పీకర్‌కి పంపుతుంది. మెల్లగా నొక్కితే గుడిగంటని దూది చుట్టి కొట్టినట్టు మెత్తగా ఉంటుంది, గట్టిగా నొక్కితే గరగరమంటుంది. హెరాల్డ్ రోడ్స్ రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి మంచాన ఉన్న సైనికులకి పియానో నేర్పడానికి, విమానాల తుక్కు అల్యూమినియం గొట్టాలతో ఒళ్ళో పెట్టుకునే చిన్న పియానో తయారుచేశాడు. ఈ వాయిద్యం కథ అక్కడ మొదలైంది. చిక్ కొరియా 1973 ఆల్బమ్ ‘లైట్ యాజ్ ఎ ఫెదర్’ వింటే రోడ్స్ గొంతు మీ చెవిలో స్థిరపడిపోతుంది.

క్లావినెట్ గురించి చెప్పాను. లోపల నిజంగానే తీగలుంటాయి, అందుకే గిటార్‌లా అనిపిస్తుంది. స్టీవీ వండర్ ‘సూపర్‌స్టిషన్’ మొదట్లో వినిపించేది అదే.

మూడోది మినీమూగ్. 1970లో వచ్చింది. బాబ్ మూగ్ అంతకుముందు తయారుచేసిన సింథసైజర్లు గోడంత పెద్దవి. ఇది చంకలో పెట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్ళగలిగినది. నలభైనాలుగు మీటలు. ఒకేసారి ఒక్క స్వరమే పలుకుతుంది, మన గొంతులాగా, వేణువులాగా. ఎడమచేతి దగ్గర రెండు చక్రాలుంటాయి. ఒకటి తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది, రెండోదానితో వణుకు వస్తుంది. ఈ చక్రం మనవాళ్ళకి ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. మామూలు పియానోకి గమకం లేదు. సరిగమలు మెట్లు మెట్లుగా ఉంటాయే తప్ప రి నుంచి గ మీదికి జారడం కుదరదు. ఆ చక్రంతో కీబోర్డ్‌కి జారు వచ్చింది. దాన్ని పూర్తిగా తన సొంతం చేసుకున్నవాడు ప్రాగ్ నుంచి అమెరికా వచ్చిన యాన్ హామర్. అతని సోలోలు గిటారా, సింథా అని పోల్చుకోలేక తికమకపడతారు. ఆ తికమక కాసేపు అనుభవించండి, బాగుంటుంది.

సింథ్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఇప్పుడే ఒక పని చేయండి. ఒకే శ్రుతిలో ‘ఆ’ అని పట్టండి. శ్రుతి మార్చకుండా, ఊపిరి ఆపకుండా నోరు మెల్లగా మూస్తూ ‘ఓ’ మీదుగా ‘ఊ’ దాకా వెళ్ళండి. మళ్ళీ తెరవండి. స్వరం అదే, రంగు మాత్రం మారింది. మీ గొంతు చేసిన పని సింథ్‌లో ఆసిలేటర్ చేస్తుంది, నోరు చేసిన పని ఫిల్టర్ చేస్తుంది. ‘కమీలియన్’ బేస్‌లో నోరు తెరిచి మూసినట్టు ఉందన్నది ఈ ఫిల్టర్ పనితనమే.

కంప్యూటర్ ఉంటే ఒక అడుగు ముందుకు వేయండి. వీసీవీ ర్యాక్, సర్జ్ ఎక్స్‌టీ అనే రెండు సింథ్ సాఫ్ట్‌వేర్లు డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. సర్జ్ తెరిచి, రంపపు పళ్ళ ఆకారంలో ఉండే సాటూత్ తరంగం ఎంచుకుని, ఒక స్వరం నొక్కి పట్టుకుని ఫిల్టర్ కటాఫ్ మీటని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. తర్వాత రెజొనెన్స్ సగం దాకా పెంచి మళ్ళీ తిప్పండి. ఒక అరగంట ఇలా ఆడుకున్నాక ‘హెడ్ హంటర్స్’ మళ్ళీ పెట్టండి. హాంకాక్ చేయి ఏ మీట మీద ఉందో మీకు కనపడుతున్నట్టే ఉంటుంది.

అట్ట వెనక్కి తిప్పండి

అసలు మార్గం ఇక్కడుంది. మన సినిమా క్యాసెట్ల అట్టలు గుర్తున్నాయా? సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ళ పేర్లు, రాసినవాళ్ళ పేర్లు. వాయించినవాళ్ళ పేర్లు మాత్రం ఉండేవి కావు. రాజ్-కోటి పాటల్లో కీబోర్డ్ వాయించిన దిలీప్ అనే కుర్రాడు 1992లో ఎ.ఆర్. రెహమాన్‌గా సొంత సినిమా చేసేదాకా ఆ చేతులు ఎవరివో వినేవాళ్ళకి తెలియదు. జాజ్ రికార్డుల్లో ఇది పూర్తిగా వేరు. ఎవరు ఏం వాయించారో వెనక అట్ట మీద పేరు పేరునా వేస్తారు. ఆ పేర్లు పట్టుకుని వెళ్తే చాలు, యాప్ మీకు ఏం చూపిస్తుందా అని ఎదురుచూడక్కర్లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’. 1969 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో ఒక్కరోజులో రికార్డు చేశారు. సైడుకి ఒక్క ట్రాక్, మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు. రాత్రి లైట్లు తగ్గించి వినాల్సిన ఆల్బమ్ ఇది. మొదటి సైడులో డ్రమ్మర్ టోనీ విలియమ్స్ హై-హాట్ అనే జంట రేకుల తాళం మీద ఒక్కో లెక్కకి నాలుగేసి దెబ్బలు ఆపకుండా కొడుతూనే ఉంటాడు, చిన్న వాన రేకుల మీద పడుతున్నట్టు. నిర్మాత టియో మసెరో ఆ రోజు టేపుని బ్లేడుతో కోసి, అతికించి, రెండు సైడుల్లోనూ మొదటి భాగాన్నే తిరిగి చివర పెట్టాడు. రెండో సైడులో మొదట వినిపించే ఆ నెమ్మది రాగం చివర్లో మళ్ళీ వస్తుందే, అది రెండోసారి వాయించింది కాదు. అదే టేపు. అయినా మధ్యలో జరిగినదంతా విన్నాక అదే వాయింపు వేరేగా వినిపిస్తుంది. నాకు ఇప్పటికీ ఆ చోట ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు పేర్లు చూడండి. మైల్స్ కాక ఏడుగురు.

వేన్ షార్టర్, జో జావినుల్: ఈ ఇద్దరూ 1970లో వెదర్ రిపోర్ట్ అనే బృందం పెట్టారు.
హెర్బీ హాంకాక్: ‘హెడ్ హంటర్స్’ మీరు వినేశారు.
చిక్ కొరియా: రిటర్న్ టు ఫరెవర్ బృందం.
జాన్ మెక్‌లాఫ్లిన్: మహావిష్ణు ఆర్కెస్ట్రా బృందం.
టోనీ విలియమ్స్: లైఫ్‌టైమ్ అనే ముగ్గురి బృందం, అందులోనూ మెక్‌లాఫ్లినే గిటార్.
డేవ్ హాలండ్: 1973లో ఈసీఎం అనే రికార్డు సంస్థ విడుదల చేసిన ‘కాన్ఫరెన్స్ ఆఫ్ ద బర్డ్స్’. ఇందులో కరెంటు వాయిద్యాలు లేవు, కానీ వినండి.

డెబ్భైల ఫ్యూజన్ చరిత్రలో చాలా భాగం ఆ ఒక్క అట్ట మీదే ఉంది.

చేయాల్సిన పని తేలిక. ఒక ఆల్బమ్ నచ్చితే దాని పేరు డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో కొట్టండి. వాయించినవాళ్ళ జాబితా, ఏ ఏడాది, ఏ సంస్థ, అన్నీ ఉంటాయి. అందులో మీ చెవికి తగిలిన ఒక్కరిని ఎంచుకోండి. అందరినీ వద్దు. అతను అదే రెండు మూడేళ్ళలో ఇంకా ఎవరితో వాయించాడో చూసి ఒక ఆల్బమ్ వినండి. ఒక నోటుబుక్కులో పేరు, ఏడాది, మీకు నచ్చిన క్షణం ఎన్నో నిమిషంలో వచ్చిందో రాసుకోండి. ‘డ్రమ్స్ ఆగి బేస్ ఒక్కటే, 4.10’ అని రాసుకుంటే చాలు. నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే మీ అభిరుచి ఏమిటో మీకే కనపడుతుంది. నా పుస్తకంలో సగం పేజీల్లో బిల్లీ కాబమ్ పేరే ఉందని చూసుకున్నాకే నేను డ్రమ్స్ మనిషినని తెలిసింది.

కాబమ్ మహావిష్ణు ఆర్కెస్ట్రా డ్రమ్మర్. 1973లో ‘స్పెక్ట్రమ్’ అనే సొంత ఆల్బమ్ చేశాడు, అక్కడా యాన్ హామరే కీబోర్డ్‌లు. అందులోని ‘స్ట్రేటస్’ బేస్ వరసని 1991లో మాసివ్ అటాక్ బృందం తమ పాటకి వాడుకుంది. మీకు హిప్-హాప్ అలవాటుంటే ఈ దారిలో వెనక్కి కూడా రావచ్చు. ఇష్టమైన పాటలో ఏ పాత రికార్డు ముక్క ఉందో వెతికితే చాలాసార్లు ఈ డెబ్భైల అట్టల దగ్గరికే చేరతారు.

వెదర్ రిపోర్ట్‌కి వెళ్ళేవాళ్ళు 1977 నాటి ‘హెవీ వెదర్’తో మొదలుపెట్టండి. ‘బర్డ్‌లాండ్’ మొదట్లో సన్నగా పైన వినిపించే రాగం కీబోర్డ్ అనుకుంటారు. జాకో పాస్టోరియస్ బేస్ గిటార్ మీద హార్మోనిక్స్‌తో, అంటే తీగని వేలితో తేలిగ్గా తాకి పుట్టించే సన్నటి స్వరాలతో పలికిస్తున్నాడు దాన్ని. కింద బేస్ పని జావినుల్ సింథ్ చేస్తోంది. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారన్నమాట. జావినుల్ ఇంకో పని కూడా చేసేవాడు. ‘బ్లాక్ మార్కెట్’లో తన ఏఆర్‌పీ 2600 కీబోర్డ్‌ని తలకిందులు చేయించి, కుడివైపు వెళ్తే స్వరం కిందికి దిగేలా పెట్టుకుని వాయించాడు. చేతికి అలవాటైన బాట నుంచి తప్పుకుంటే కొత్త రాగం దొరుకుతుందని.

తాళం వేయండి

మహావిష్ణు ఆర్కెస్ట్రా మొదటిసారి వింటే తుఫానులా ఉంటుంది. ఏం పట్టుకోవాలో తెలియదు. తొడ మీద తాళం వేయడం మొదలుపెడితే దారి కనిపిస్తుంది. మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు, మన లెక్కలు అతనికి తెలుసు. 1973 ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ మొదటి ట్రాక్ గాంగ్ మోతతో మొదలై, గిటార్ వరస పద్దెనిమిది అక్షరాల ఆవర్తనంలో తిరుగుతుంది. నాలుగు లెక్కన కొడితే రెండో చుట్టుకే తప్పుతారు. పద్దెనిమిది లెక్కపెట్టి, మళ్ళీ ఒకటి ఎక్కడ పడుతోందో పట్టుకోండి. పట్టు దొరికాక ఆ పద్దెనిమిదిని మీ వేళ్ళ మీద ఎలా విడగొట్టుకుంటే సుఖంగా ఉందో చూసుకోండి. ఖండచాపు, మిశ్రచాపు వేయడం వచ్చినవాళ్ళకి ఇది ఒక్క సాయంత్రం పని. రానివాళ్ళకి రెండు మూడు రోజులు పడుతుంది, ఫరవాలేదు.

జాజ్ వదిలి సింథ్ వైపు వెళ్ళాలంటే

మీకు నచ్చింది సింథ్ గొంతే అయితే జర్మనీ వైపు తిరగండి. టాంజరిన్ డ్రీమ్ ‘ఫేడ్రా’, 1974. డ్రమ్స్ ఉండవు, పాట ఉండదు. మూగ్ సీక్వెన్సర్ ఒక వరసని తిప్పుతూ పోతుంటే దాని చుట్టూ మబ్బులు కమ్ముతాయి. ఆ రోజుల్లో ఆసిలేటర్లు వేడెక్కేకొద్దీ శ్రుతి జరిగిపోయేది. టైటిల్ ట్రాక్‌లో ఆ జరుగుడు మీకు వినిపిస్తుంది, దాన్ని వాళ్ళు అలాగే ఉంచేశారు. రాత్రి బస్సు ప్రయాణంలో వినడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. తర్వాత క్లాస్ షుల్జె ‘టైమ్‌విండ్’, ఫ్రాన్స్ నుంచి జాన్-మిషెల్ జార్ ‘ఆక్సిజీన్’ వినండి.

ఉత్సాహంగా, శుభ్రంగా, ఎండపూట సముద్రం పక్కన డ్రైవింగ్ లాంటిది కావాలంటే జపాన్. 1979లో మొదటి ఆల్బమ్ వేసిన కాసియోపియా దగ్గర మొదలుపెట్టండి. వాళ్ళ కీబోర్డ్ ప్లేయర్ మినోరు ముకైయా తర్వాతి రోజుల్లో జపాన్ రైల్వే స్టేషన్లలో బండి కదిలే ముందు మోగే చిన్న చిన్న బాణీలు కట్టాడు.

రికార్డులు కొనాలనిపిస్తే

ఆరు నెలలు ఆగండి. ఏది మళ్ళీ మళ్ళీ వింటున్నారో నోటుబుక్కు చెబుతుంది, అదే కొనండి. పాత ఎల్పీని అట్టలోంచి తీసి, కిటికీ వెలుగులో వాలుగా పట్టుకుని చూడాలి. సన్నటి గీతలు చాలావరకు ఇబ్బంది పెట్టవు. గోటితో మెల్లగా తడిమితే తగిలే గీత ఉంటే సూది అక్కడ ఎగరవచ్చు. కంటికి సమానంగా పట్టుకుని వంకర ఉందేమో చూడండి. మధ్యలో లేబుల్ చుట్టూ ఖాళీ జాగాలో చెక్కిన అంకెలుంటాయి, అవి డిస్కాగ్స్‌లో కొట్టి చూస్తే అది ఏ దేశంలో ఏ అచ్చో తెలుస్తుంది. ముంబయి చోర్ బజార్ లాంటి చోట్ల తిరిగే ఓపిక ఉంటే ఈ పనులన్నీ అక్కడే నిలబడి చేయవచ్చు.

ఆన్‌లైన్‌లో తెప్పించేటట్టయితే ఎండాకాలం వద్దు. నేను ఒకసారి మే నెలలో ఒక అమ్మకందారు దగ్గర రిటర్న్ టు ఫరెవర్ ఎల్పీ ‘రొమాంటిక్ వారియర్’ తెప్పించాను. పల్చటి కవరులో పెట్టి పంపాడు. దారిలో ఎండకి అప్పడంలా వంగిపోయి వచ్చింది. పెట్టి చూస్తే సూది అలల మీద పడవలా లేచి పడుతోంది. డబ్బు వాపసు రాలేదు. అప్పటి నుంచి రెండు అట్టముక్కల మధ్య పెట్టి పంపుతానని రాసి ఇస్తేనే డబ్బు కడుతున్నాను.

మన వైపు దారులు

వీటిని చివర పెట్టింది, చెవి కాస్త తయారయ్యాక వింటే రెట్టింపు విలువ తెలుస్తుందని.

అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే ఒక పెద్ద మూగ్ సింథసైజర్ ఉంది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ తెచ్చి నెలకొల్పాడు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్ లాంటివాళ్ళు దాని మీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు సంస్థ దగ్గరే ఉండిపోయి, 2023లో ‘ద ఎన్ఐడీ టేప్స్’ పేరుతో బయటికి వచ్చాయి. పాటలు ఆశించకండి. కొత్త యంత్రం ముందు కూర్చుని, ఇది ఏం పలుకుతుందో అని ఓపిగ్గా వింటున్న మనుషులు అందులో ఉన్నారు.

1982లో ముంబయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ అనే జపాన్ కంపెనీ చేసిన మూడు యంత్రాలు (సింథ్, డ్రమ్ మెషీన్, బేస్ మెషీన్) తీసుకుని పది హిందుస్తానీ రాగాలని డిస్కో దరువు మీద పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. అవే డ్రమ్ మెషీన్, బేస్ మెషీన్లతో తర్వాత కొన్నేళ్ళకి షికాగోలో యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టింది. 2010లో ఆల్బమ్ మళ్ళీ అచ్చయ్యాక ప్రపంచం అతని వైపు చూసింది. మీరు వినేటప్పుడు రాగాలు పోల్చుకోండి. భూపాలి అంటే మన మోహనం, మాల్కౌన్స్ హిందోళం, యమన్ కల్యాణికి చుట్టం. మోహనాన్ని ఆ బేస్ మెషీన్ జారుతూ పలుకుతుంటే ఫిల్టర్ ఎక్కడ తెరుచుకుంటోందో ఇప్పుడు మీకు తెలిసిపోతుంది.

ఇక మెక్‌లాఫ్లిన్ పేరు పట్టుకుని ఇంకొంచెం ముందుకు వెళ్ళండి. మహావిష్ణు తుఫాను తర్వాత అతను కరెంటు గిటార్ పక్కన పెట్టి ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో శక్తి అనే బృందం కట్టాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1975లో జరిగిన కచేరీ రికార్డింగ్. ఇరవై ఏళ్ళు దాటాక అదే బృందం రిమెంబర్ శక్తిగా మళ్ళీ కూడాక, కొన్నాళ్ళకి వయొలిన్ చోట మాండలిన్ వచ్చింది. పశ్చిమ గోదావరి పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. అతను పుట్టింది 1969 ఫిబ్రవరి 28న. ‘ఇన్ ఎ సైలెంట్ వే’ కోసం మెక్‌లాఫ్లిన్ న్యూయార్క్ స్టూడియోలో గిటార్ పట్టుకుని కూర్చున్న పది రోజులకి.

‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బమ్‌లో త్యాగరాజస్వామి ‘గిరిరాజ సుతా’ ఉంది, శంకర్ మహదేవన్ పాడాడు. దాన్ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటిసారి గొంతునీ, రెండోసారి సెల్వగణేష్ దరువునీ పట్టుకోండి. మూడోసారి గిటార్ ఎక్కడ ఆగి మాండలిన్ ఎక్కడ అందుకుంటోందో మాత్రమే వినండి, ఎన్నో నిమిషమో పుస్తకంలో రాసుకోండి.